తమ్ముడి చేతికి అక్క వాచీ

ప్రశ్న: మాది గుంటూరు బ్రాడీపేట. మా అమ్మాయికి 15 ఏళ్ళు, పదో తరగతి చదువుతోంది. 11వ ఏట టైప్ 1 షుగరని తేలింది. రోజుకు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకుంటుంది. ఒకప్పుడు టెన్నికాయిట్ (వల మీదుగా రింగు విసురుకునే ఆట) చాలా బాగా ఆడేది. కిందటేడు ఒక ఉదయం 8 గంటలకు ఇన్సులిన్ వేసుకుని, రెండు ఇడ్లీలు తిని బడికి వెళ్ళింది. తొమ్మిదిన్నరకు డ్రిల్ పీరియడులో షుగరు పడిపోయి గ్రౌండులోనే కూలబడింది. అప్పటినుంచి మాస్టారు తనను చెట్టు కింద కూర్చోబెడుతున్నారు, తను కూడా కదలడం మానేసింది. డాక్టరుగారు వ్యాయామం తప్పదన్నారని మా తమ్ముడు అడుగులు లెక్కపెట్టే వాచీ కొని, ఫోనులో యాప్ వేసి, రోజుకు 10,000 అని లక్ష్యం పెట్టాడు. ఆ లెక్కను రోజూ రాత్రి మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో పెడతాడు. మూడు వారాలు అంకెలు బాగానే వచ్చాయి. తీరా చూస్తే వాచీని మా చిన్నవాడి చేతికి కట్టి డాబా మీదికి ఆడుకోవడానికి పంపుతోంది. నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంతకన్నా మంచి యాప్ ఉందా? చేతికి అంటించే సెన్సర్ కొనమంటారా? షుగరున్న పిల్లను ఎగరనివ్వవద్దని మా అత్తగారు అంటున్నారు. అసలు ఆటలు తనకు క్షేమమేనా?

సమాధానం: అమ్మా, మీ చివరి ప్రశ్నకు ముందు జవాబు చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో మిగిలిన తగవులన్నీ దాని చుట్టూనే తిరుగుతున్నాయి. టైప్ 1 అంటే కడుపులోని క్లోమం అనే గ్రంథి ఇన్సులిన్ తయారుచేయలేకపోవడం. అది ఉన్న పిల్లలు ఆడవచ్చు, పరుగెత్తవచ్చు, పోటీలకూ వెళ్ళవచ్చు. పాకిస్తాన్ ఫాస్ట్ బౌలర్ వసీం అక్రమ్‌కు ఈ జబ్బు 1997లో బయటపడింది. ఇన్సులిన్ వేసుకుంటూనే ఆయన ఆ తరువాత ఏళ్ళ తరబడి బౌలింగ్ చేసి, 2003 ప్రపంచ కప్పులో వన్డేల్లో తన 500వ వికెట్ తీసుకున్నారు. ఈ సంగతి మీ అత్తగారికి చెప్పండి. అయితే ఆవిడ మాటను కొట్టిపారేయకండి. మనవరాలు గ్రౌండులో పడిపోయిందన్న కబురు విన్న మనిషి ఆవిడ. ఆ భయంలో నిజం ఉంది, మీ పాపను కదలనివ్వకుండా ఆపుతున్నది కూడా ఆ నిజమే.

వాచీ సంగతి మీరు మోసంగా తీసుకుని బాధపడ్డారు. ఉత్తరం చదువుతుంటే నాకు వేరేలా అనిపించింది. ఆ పిల్లకు అమ్మ మాట తీసేయడం ఇష్టం లేదు, ఒళ్ళు అలిసేలా కదిలే ధైర్యమూ లేదు, ఆ రెంటి నడుమ తనకు కనిపించిన దారి తమ్ముడు. పైగా సాయంత్రం అయ్యేసరికి ఆ అంకెను పిన్నులూ బాబాయిలూ అందరూ చూస్తారని తనకు తెలుసు. మేనమామ ప్రేమతోనే పెట్టి ఉంటారు కానీ, ఆయనతో మీరు నెమ్మదిగా మాట్లాడి ఆ అలవాటును ఈ రోజే మాన్పించండి. పదిహేనేళ్ళ పిల్ల తన ఒంటి లెక్కలను ఊరందరి ముందు అప్పజెప్పాల్సి వస్తే దొంగ లెక్కలు రావడంలో వింతేమీ లేదు.

10,000 అన్న అంకెను కూడా అంత గట్టిగా పట్టుకోనక్కరలేదు. 1965లో జపానులో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల మీటరుకు 'మాంపో-కే' అని పేరు పెట్టారు, ఆ మాటకు పదివేల అడుగుల మీటరు అని అర్థం. సరుకు పేరుగా పుట్టిన ఆ అంకె తరువాత ఆరోగ్య సూత్రంగా లోకమంతా పాకింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచనల్లో 5 నుంచి 17 ఏళ్ళ వారికి అడుగుల ప్రస్తావనే లేదు. వారం మొత్తం మీద రోజుకు సగటున 60 నిమిషాలు ఊపిరి వేగం పెరిగేలా ఒళ్ళు కదలాలనీ, వారంలో మూడు రోజులైనా కండరాలకూ ఎముకలకూ బలమిచ్చే శ్రమ ఉండాలనీ అందులో చెప్పారు. మీ పాప ఎప్పటికైనా అక్కడికి చేరాలి, కానీ ఏడాదిగా కూర్చుండిపోయిన పిల్ల బయలుదేరడానికి పది నిమిషాలు చాలు. ఇంకో మాట. టెన్నికాయిట్ ఆడేటప్పుడు రింగు కోసం ఉన్నచోటే వంగి, ఎగిరి, పక్కకు ఒరిగి అందుకుంటారు కనుక చెమట ధారగా కారినా అడుగులు పెద్దగా పడవు. తను ప్రాణంగా ఇష్టపడిన ఆటకు ఆ వాచీ మార్కులే వేయదు.

ఇక ఆ ఉదయం గ్రౌండులో ఏమి జరిగిందో మీ పాపకు ఎవరైనా విడమరచి చెప్పారా? చెప్పి ఉండరని నా అనుమానం. భోజనానికి ముందు వేసుకునే త్వరగా పనిచేసే ఇన్సులిన్ గంటకూ రెండు గంటలకూ మధ్య బాగా ఉధృతంగా ఉంటుంది. ఎనిమిదింటికి వేసుకున్న ఇన్సులిన్ సరిగ్గా తొమ్మిదిన్నరకు పూర్తి బలం మీద ఉంది, కడుపులో ఉన్నవి రెండే ఇడ్లీలు, అదే సమయానికి మాస్టారు పరుగు పెట్టించారు. మిగతా పిల్లలకైతే ఒళ్ళు శ్రమించగానే క్లోమం ఇన్సులిన్‌ను తనంతట తానే తగ్గించుకుంటుంది. సూదితో చర్మం కిందికి వెళ్ళిన ఇన్సులిన్‌ను మాత్రం వెనక్కి పిలవలేము. పైగా పనిచేసే కండరం ఇన్సులిన్ సాయం లేకుండా కూడా రక్తంలోని చక్కెరను లాక్కుంటుంది. ఆ పూట ఇన్సులిన్ తొడకు వేసుకుని ఉంటే, పరుగు వల్ల అది మరింత తొందరగా ఒంట్లో కలిసి ఉంటుంది. కనుక ఆ రోజు తప్పు పాపదీ కాదు, ఆటదీ కాదు. ఇన్సులిన్ వేళ, తిండి, పరుగు ఒకదానితో ఒకటి పొసగలేదు. ఈ మాట మీరు తనతో కూర్చుని, గంటలు వేళ్ళ మీద లెక్కపెట్టి మరీ చెప్పాలి.

నోటితో చెప్పినంత మాత్రాన భయం పోదు, తన అంకెల్లో తనే చూసుకోవాలి. ఫోనుతో నిజంగా పని పడేది ఇక్కడే, దానికి కొత్త యాప్ కూడా అక్కరలేదు. విజయవాడ పటమట నుంచి నా దగ్గరకు వచ్చే, మీ పాపలాగే టైప్ 1 ఉన్న ఒక ఇంటర్ కుర్రవాడు వాట్సాప్‌లో తన నంబరుకు తానే సందేశాలు పంపుకుంటాడు. ఒకసారి ఫోను పగిలిన గాజు మీద బొటనవేలితో పైకి తోస్తూ నాకు చూపించాడు. మొదటి అంకె మొదలుపెట్టే ముందు షుగరు, చివరిది ఆపాక షుగరు. "178, నడక, డాబా, 15 ని., 146." దాని కింద "160, సైకిలు, ట్యూషన్‌కి, 20 ని., 118." ఆ కింద "140, బౌలింగ్, 45 ని., 171." ఆ చివరిదాని దగ్గర ఆగి, ఆడితే తగ్గాలి కదా, ఎందుకు పెరిగిందని అడిగాడు. వడిగా పరుగెత్తుకొచ్చి బంతి విసిరే ఆటలో, బలమంతా ఒక్కసారిగా వాడినప్పుడు, ఒంట్లో అడ్రినలిన్ పెరిగి కాలేయం చక్కెరను రక్తంలోకి వదులుతుంది. నింపాదిగా ఎక్కువసేపు నడిస్తే తగ్గుతుంది. నడక చివర పది సెకన్లు శక్తికొద్దీ పరుగెత్తితే ఆ వెంటనే వచ్చే పతనం కొంత ఆగుతుందని పరీక్షల్లో కూడా తేలింది. ఇదంతా నేను ముందే పాఠంలా చెప్పి ఉంటే వాడు తల ఊపి వెళ్ళిపోయేవాడు. తన ఫోనులో తన అంకె తన్ను ఆశ్చర్యపరిచింది కాబట్టి అడిగాడు.

మీ పాపను కూడా రెండు వారాలు అలాగే రాసుకోనివ్వండి, కానీ ఆ సందేశాలు మీరు తెరిచి చూడకండి. వారంలో నాలుగు సాయంత్రాలు చాలు. మధ్యాహ్నం అన్నానికి వేసుకున్న ఇన్సులిన్ బలం చాలావరకు తగ్గిపోయి ఉంటుంది కనుక అయిదున్నర ప్రాంతం మంచి వేళ. మొదలుపెట్టే ముందు ఒకసారి, ఆపగానే ఒకసారి, నిద్రపోయే ముందు ఒకసారి వేలు గుచ్చి చూసుకుని, ఏమి చేసిందో ఎంతసేపు చేసిందో పక్కన రాసుకుంటే సరిపోతుంది. స్ట్రిప్పుల ఖర్చు పెరుగుతుందని తెలుసు. ఈ రెండు వారాలకు ఆ ఖర్చు వాచీ మీద పెట్టినదానికన్నా ఎక్కువ పనికొస్తుంది.

అంకెల విషయంలో సాధారణంగా పాటించే పద్ధతి ఇది. మీ డాక్టరుగారు వేరుగా చెప్పి ఉంటే వారి మాటే పాటించండి. మీటరులో 90 కన్నా తక్కువ ఉంటే ఆట వాయిదా వేసి, ఒక చిన్న అరటిపండు తిని, మళ్ళీ చూసుకుని, 90 దాటాకే మొదలుపెట్టాలి. 90కీ 125కీ నడుమ ఉంటే రెండు మారీ బిస్కట్లు తిని బయలుదేరవచ్చు. ఆ పైన 250 వరకు ఉంటే నేరుగా ఆడుకోవచ్చు. 250 దాటితే కీటోన్లు (ఇన్సులిన్ చాలక ఒళ్ళు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే పదార్థాలు) ఉన్నాయేమో పరీక్ష చేసి చూడాలి. అవి ఉన్నా, వాంతులో కడుపునొప్పో ఉన్నా, ఆట మాట మరిచి డాక్టరుగారికి ఫోను చేయండి. తెలివి తప్పేంతగా షుగరు పడిపోయి ఇంకా ఒక రోజు గడవకపోతే ఆ పూట విశ్రాంతే. మీ పాపది భయం కనుక, మొదటి రెండు వారాలు 130 పైన ఉన్నప్పుడు మాత్రమే మొదలుపెట్టమనండి. షుగరు పడిపోకుండా కొన్ని సాయంత్రాలు వరుసగా గడిస్తే ఆ గ్రౌండు జ్ఞాపకం మీద కొత్త జ్ఞాపకాలు చేరతాయి.

ఆటలో చెమటా, గుండె దడా మామూలే కనుక షుగరు పడిపోయే గుర్తులు వాటిలో కలిసిపోయి పిల్లలు గమనించలేకపోతారు. అందుకే ఫోనులో ప్రతి ఇరవై నిమిషాలకు ఒక అలారం పెట్టుకుని, అది మోగినప్పుడు ఒక్క నిమిషం ఆగి తన ఒళ్ళు ఎలా ఉందో చూసుకోవడం మంచిది. ఫోను పెట్టుకునే సంచీలోనే గ్లూకోజ్ పొడి పొట్లం కట్టి ఉంచండి. 70 కన్నా తగ్గితే మూడు టీస్పూన్లు నీళ్ళలో కలుపుకుని తాగి, పావుగంట ఆగి మళ్ళీ చూసుకోవాలి. చాలామంది తల్లులు చాక్లెట్టు ఇచ్చి పంపుతారు, కానీ దానిలోని కొవ్వు వల్ల చక్కెర నెమ్మదిగా ఎక్కుతుంది, ఆ సమయంలో నెమ్మది పనికిరాదు. ఫోను తాళం తీయకుండానే ఎవరైనా చూడగలిగేలా అత్యవసర వైద్య సమాచారం పెట్టుకునే సదుపాయం ఈనాటి ఫోన్లలో ఉంది. అందులో 'టైప్ 1 డయాబెటిస్, ఇన్సులిన్ వాడుతుంది' అనీ మీ నంబరూ రాయించండి. ఒకవేళ తెలివి తప్పితే నోట్లో ఏమీ పోయవద్దనీ, వెంటనే 108కి ఫోను చేయాలనీ ఇంట్లో అందరికీ, మీ చిన్నవాడితో సహా, తెలిసి ఉండాలి.

రాత్రి గురించి ప్రత్యేకంగా చెప్పాలి. సాయంత్రం గట్టిగా ఆడిన కండరాలు తాము ఖర్చుపెట్టిన చక్కెరను చాలా గంటల పాటు రక్తం నుంచి తిరిగి నింపుకుంటూ ఉంటాయి, ఇన్సులిన్ ఒంటి మీద పనిచేసే బలం కూడా మరుసటి రోజు దాకా పెరిగి ఉంటుంది. అందువల్ల ఆట అయిన ఏడెనిమిది గంటలకు, నిద్రలో షుగరు పడిపోవచ్చు. మొదటి వారం ఆడిన రోజుల్లో రాత్రి రెండున్నరకు మీ ఫోనులో, పాప ఫోనులో కాదు, అలారం పెట్టుకుని లేచి చూడండి. రాత్రి వేసుకునే ఇన్సులిన్ తగ్గించాలా, ఎంత తగ్గించాలి అన్నది ఆ అంకెలు చూపించి డాక్టరుగారినే అడగాలి. ఇది మీరుగానీ నేనుగానీ ఊహించి చేయకూడదు.

సెన్సర్ గురించి అడిగారు. జబ్బకు అంటించుకుంటే రెండు వారాల దాకా పనిచేసేవి దొరుకుతున్నాయి, షుగరు ఎటు పోతోందో ఫోనులో బాణం గుర్తుతో చూపిస్తాయి, పడిపోతుంటే మోగుతాయి. భయం ఉన్న పిల్లకు అది పెద్ద ధైర్యమే. కానీ అది రక్తంలో కాకుండా చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలో చక్కెరను కొలుస్తుంది, కనుక షుగరు వేగంగా మారుతున్న ఆట వేళల్లో కొన్ని నిమిషాలు వెనకబడి ఉంటుంది. తెర మీద 95 అని ఉన్నా ఒళ్ళు వణుకుతుంటే వేలు గుచ్చి చూసుకోవాల్సిందే. నిరంతరం కొనగలిగే స్తోమతు లేకపోతే అప్పు చేయవద్దు. ఒకటి కొని, బడి సెలవుల్లో ఆటలు తిరిగి మొదలుపెట్టే ఆ రెండు వారాలకు వాడితే చాలా నేర్చుకోవచ్చు. ఆ అంకెలు మీ ఫోనుకు కూడా వచ్చేలా పెట్టవచ్చు, కానీ ముందే పాపతో ఒప్పందం చేసుకోండి: షుగరు పడిపోతున్నప్పుడు తప్ప మీరు అడగకూడదు, 220 కనబడగానే "ఏం తిన్నావే?" అని ఫోను చేయకూడదు. ఇది తల్లులకు చాలా కష్టమని నాకు తెలుసు.

మంచి యాప్ అన్న ప్రశ్నకు నా దగ్గర పేరు లేదు. దీర్ఘవ్యాధులున్న టీనేజి పిల్లలకు ఫోను సందేశాలతో, అడుగుల లక్ష్యాలతో వ్యాయామం అలవాటు చేయాలని పలు దేశాల్లో చేసిన ప్రయత్నాల ఫలితాలు ఒక తీరుగా లేవు. నేను చూసినంతలో, ఫోను నుంచి వచ్చే గుర్తుచేసే గంట వారం రోజుల తరువాత దోమ రొదలా అయిపోతుంది. పక్కింటి స్నేహితురాలి నుంచి "వస్తావా? రింగు తెస్తున్నా" అని వచ్చే ఒక్క సందేశానికి మాత్రం పిల్ల చెప్పులేసుకుని బయలుదేరుతుంది. అటువంటి స్నేహితురాలు ఒకరుంటే, షుగరు పడిపోతే ఏం చేయాలో ఆ అమ్మాయికి కూడా మీ పాప చేతనే చెప్పించండి. ఎవరూ కుదరని రోజు ఫోనులో పాటలు పెట్టుకుని డాబా మీద నాలుగు పాటల సేపు నడిచినా, గది తలుపు వేసుకుని డ్యాన్సు చేసినా అదీ వ్యాయామమే. వేసవిలో మాత్రం మన ఊళ్ళ ఎండ సంగతి మరవకండి. ఉదయం ఏడు లోపు బ్రహ్మానందరెడ్డి స్టేడియంలోనో, పొద్దుగూకాక డాబా మీదో తప్ప వద్దు, వేడికి ఇన్సులిన్ కూడా ఒంట్లో త్వరగా కలుస్తుంది. ఇన్సులిన్ పెన్నును ఎండలో బండి డిక్కీలో వదలకండి.

యాప్ ఏదైనా సరే, కేలరీలూ బరువూ చూపించే భాగం జోలికి వెళ్ళనివ్వకండి. ఇది నేను గట్టిగా చెబుతున్నాను. టైప్ 1 ఉన్న ఆడపిల్లల్లో సన్నబడాలన్న ఆరాటం కొందరిని తిండి మానేసే దాకా, ఇంకొందరిని ఇన్సులిన్ ఎగ్గొట్టే దాకా తీసుకుపోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. పాప ఆరోగ్య వివరాలను అడిగిన ప్రతి యాప్‌కూ ఇవ్వకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్ళ లోపు వారి వివరాలు తీసుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలి. ఆ అనుమతి ఇచ్చే ముందు పాపను కూడా అడగండి.

బడికి మీరే స్వయంగా వెళ్ళి మాస్టారితో మాట్లాడండి. ఆయన పిల్లను చెట్టు కింద కూర్చోబెట్టింది భయపడే. డ్రిల్‌కు ముందు వేలు గుచ్చుకోవడానికి రెండు నిమిషాలు ఇవ్వాలనీ, గ్లూకోజ్ పొట్లం ఆయన జేబులో కూడా ఒకటి ఉండాలనీ, తక్కువగా ఉన్న రోజు కూర్చోవాలో వద్దో పాపే చెబుతుందనీ ఒక కాగితం మీద రాసి, డాక్టరుగారి సంతకంతో ఇస్తే ఆయనకూ ధైర్యం వస్తుంది. డ్రిల్ ఉన్న ఉదయాల్లో ఇన్సులిన్ మోతాదు గురించీ అప్పుడే డాక్టరుగారిని అడగండి.

వచ్చే ఏడు ఇంటర్‌కు విజయవాడలో హాస్టలు అనుకుంటున్నారేమో. అటువంటి చాలా కాలేజీల్లో ఫోను ఉంచుకోనివ్వరు. అందుకని రెండు వారాలు పూర్తయ్యాక, ఫోనులో రాసుకున్నవాటిని పాప చేతనే ఒక అట్ట మీదికి ఎక్కించండి: నడిస్తే తనకు ఎంత తగ్గుతుంది, ఆడితే ఎంత, ఏమి తింటే నిలుస్తుంది, ఏ రాత్రి లేచి చూసుకోవాలి. అది పెట్టెలో బట్టలతో పాటు హాస్టలుకు వెళుతుంది. వాచీని మాత్రం మీ చిన్నవాడి దగ్గరే ఉండనివ్వండి, వాడికి అది నచ్చినట్టుంది. మీ పాపకు ఒక కొత్త టెన్నికాయిట్ రింగు కొనిపెట్టండి.